అసీనా కరిచిన స్వెటర్

దక్షిణ సముద్రంలో పరిశోధన కేంద్రం తప్ప ఊరన్నది లేని మేరియన్ దీవి నుంచి ఇంటికి వెళ్ళేముందు ఎవరి సంచి వాళ్ళు వెతుక్కోకూడదు. తన బట్టల మీద ఎవడికైనా జాలి ఎక్కువే కాబట్టి ఒకరిది ఇంకొకరు వెతకాలి. సాక్సులు, జేబుల కుట్లు, బూట్ల అడుగులు అన్నీ సూదులతో, పట్టకార్లతో గాలించి, దీవి గింజ ఒక్కటి కూడా ఓడెక్కకుండా చూడాలి. శుభ్రం కానిది ఏదైనా సరే పొయ్యిలోకే.

జోలాని తన సంచి స్టోఫెల్ బాబాయ్‌కి పడాలని కోరుకున్నాడు. జనరేటర్లు చూసే ఆ పెద్దాయనకి కళ్ళద్దాలున్నా దగ్గరివి ఆనవు. చీటీలు తీస్తే బబల్వాకి పడింది. మొక్కల సంగతి చూసే బబల్వా కన్నుగప్పి ఆ దీవిలో నాచు కూడా పెరగలేదు. ఓడ అప్పటికే బయట లంగరేసి ఉంది. మర్నాడు పొద్దున్నే ఓడ మీదికి చేర్చే హెలికాప్టర్ వస్తుంది.

సంచి అడుగున దుప్పటిలో చుట్టి ఉన్నదాన్ని బబల్వా బయటికి లాగింది. "ఇదేంట్రా, స్వెటరా, ముళ్ళపందా?"

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. జోలాని నవ్వలేదు.

గోధుమరంగు ఊలు స్వెటర్ అది. ఛాతీ నిండా, మోచేతుల నిండా ఎండిన అసీనా కాయలు కరుచుకుని ఉన్నాయి. అసీనా చూడడానికి మహా అమాయకురాలు. మడమ ఎత్తు మొక్క, గుండ్రటి చిన్న పువ్వు, ఎవరి జోలికీ పోనట్టే ఉంటుంది. కాయ ఎండాక గానీ దాని బుద్ధి బయటపడదు. కాయకి ముళ్ళు, ముళ్ళ కొసన కొక్కేలు. దారిన పోయే పిట్ట ఈకనో మనిషి సాక్సునో ఉత్తరేణిలా పట్టుకుని ఊరు దాటాలని చూస్తుంది. దీవిలో ఉన్నంతసేపూ అది పుట్టింట్లో ఉన్న ఆడపడుచు, ఎవరూ పల్లెత్తు మాట అనరు. ఓడెక్కితేనే గొడవ.

"ఇది మా ఊరి గొర్రెల మీద పడిందంటే ఆ బొచ్చు ఊరికే ఇచ్చినా ఎవడూ పట్టుకెళ్ళడు," అన్నాడు స్టోఫెల్. "ఊలు తొడుక్కుని కొండెక్కొద్దని వచ్చిన రోజే చెప్పారు కదరా! చెవులు కేప్‌టౌన్‌లో వదిలేసి వచ్చావా?"

"ఒక్కసారే వేసుకున్నా బాబాయ్."

ఆ ఒక్కసారి ఎప్పుడో గుర్తొచ్చి స్టోఫెల్ నాలుక కరుచుకున్నాడు. ఫిబ్రవరిలో జోలానికి అమ్మమ్మ కబురు ఫోన్లో వచ్చింది. తల్లి లేని పిల్లాణ్ణి పెంచిన మనిషి. ఓడేమో ఏప్రిల్ చివరికి గానీ రాదు. అంత్యక్రియల పాటలు ఫోన్లోనే విన్నాడు, అవీ గాలికి సగం తెగిపోయాయి. ఆ రోజు ఆవిడ అల్లిన స్వెటర్ తొడుక్కుని, కేంద్రం వెనక కొండవాలు మీద అసీనాలో బోర్లా పడుకున్నాడు. వాన రాకడ కొలవడమే ఉద్యోగమైనవాడు వాన వచ్చి తడిపిపోయినా లేవలేదు. ఆ తర్వాత వీలున్నప్పుడల్లా కాయలు పీకాడు, ఎంతకీ తరగలేదు. కాయ ఊడేది, కొక్కెం విరిగి ఊల్లోనే ఉండిపోయేది.

"కాల్చాలి జోలా," అంది బబల్వా మెల్లగా.

"సంచిలో పెట్టి సీలు వేసెయ్ అక్కా. తెరవను. ఒట్టు."

"తెరవవా? అందులో ఆవిడ వాసన ఉంటుందని తెలిసీ?"

ఇంటి గుమ్మం దాటగానే తెరుస్తాడు. ఆ సంగతి ఆమెకీ తెలుసు, అతనికీ తెలుసు.

అయినా బబల్వా పొయ్యి వైపు వెళ్ళలేదు. మెడ పట్టీని తిప్పి చూసింది. "ఇంకొక్క దారి ఉంది. మొత్తం విప్పెయ్యాలి. పోగంతా నా వేళ్ళ మధ్యనుంచి పోవాలి."

"ఇంక స్వెటర్ ఎక్కడుంటుంది?"

"ఊలు ఉంటుంది కదరా."

కాల్చడం కంటే ఇదే ఘోరమనిపించింది జోలానికి. కాలిస్తే తప్పంతా రూలు మీద పడేసి ఏడవచ్చు. ఇది తన చేత్తో చెయ్యాలి. స్వెటర్‌ని ఒళ్ళోకి లాక్కున్నాడు. ఆఖరికి మెడ దగ్గర ముడి విప్పి లాగాడు.

అతను లాగుతుంటే బబల్వా పోగుని వేళ్ళతో తడిమి, గుచ్చుకున్న చోటల్లా ఆగి కొక్కెం తీసి, ఉండ చుడుతోంది. మెడ దగ్గర అల్లిక వదులుగా, వంకరటింకరగా ఉంది. ఒకచోట అల్లిక కన్ను జారిపోతే ఎత్తలేక అమ్మమ్మ అలాగే ముడేసేసింది. ఇన్నాళ్ళూ వేసుకునీ అతను చూడనే లేదు.

"ఇక్కడ చేతులు వణికాయిరా ఆవిడకి," అంది బబల్వా. "మెడ ఆఖర్న అల్లుతారు."

జోలాని చేతులు ఆగిపోయాయి. ఇక్కడికి రావడానికి ఓడెక్కిన రోజున "చలిగా ఉంది, రేవుకి నేను రాన్లే" అందని ఆవిడ మీద అలిగి వచ్చాడు. ఆవిడకి అప్పటికే ఒంట్లో బాగాలేదు. చెబితే వీడు ఓడెక్కడని చెప్పలేదు. అలిగినందుకు తనని తాను చెంపలు వాయించుకోవాలనిపించింది.

ఛాతీ దాటాక వరసలు సమంగా వచ్చాయి. నడుం దగ్గరికి వచ్చేసరికి అల్లిక ఎంత బిగువుగా ఉందంటే లాగడానికి బలం చాలలేదు. వరస వరసకీ ఆవిడ కోలుకుంటున్నట్టే ఉంది. జోలానికి సంతోషం వేసింది. ఆ సంతోషానికి సిగ్గూ వేసింది. మిగతావాళ్ళు ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. స్టోఫెల్ ఇద్దరికీ టీ తెచ్చిపెట్టి, జోలాని భుజం నొక్కి వెళ్ళాడు.

చివరికి అడుగు అంచు కూడా విడిపోయి, ఆవిడ వేసిన మొదటి ముడి ఒక్కటే మిగిలింది. బబల్వా అటు చూడకుండా ఉండ పక్కన పెట్టింది. "చాల్లేరా. ఆ ముడి అలా ఉండనీ. అందులో ఏముంటుంది?"

జోలాని దాన్ని వేళ్ళ మధ్య నలిపి చూశాడు. ఏదో చురుక్కుమంది.

"ఉందక్కా."

"నాకేం కనపడలేదు."

"నాకు గుచ్చుకుంది కదా." సూది తీసుకుని, పెదవి కొరుక్కుంటూ ముడి విప్పాడు. కంటికి ఆనని కొక్కెం వేలికొసకి అంటుకుని వచ్చింది. అతని చేతిలో స్వెటర్ అన్నది లేదు, వంకీలు తిరిగిన పోగు కొస తప్ప.

"మా అమ్మమ్మ చచ్చిపోయిందక్కా," అన్నాడు, ఆ కబురు ఆమెకి అప్పుడే చెబుతున్నట్టు.

"అవున్రా," అంది బబల్వా. "పోయింది."