పేరు లేని అల్లం పువ్వు

కుండీలో పువ్వు లేదు.

నమ్రత మోకాళ్ల మీద కూర్చుని చూసింది. ఆకులన్నీ ఉన్నాయి. మట్టిలోంచి నేరుగా లేచిన పిడికెడంత ఎర్రటి పూగుత్తి మాత్రం లేదు. దాని చోట తెగిన కాడ మిగిలింది. చివర ఇంకా తడి ఆరలేదు.

పక్క షెడ్డులో బట్ట నేసే సాంచాలు టకటకమని ఆడుతున్నాయి. ఆ చప్పుడును మించి అరిచింది.

"ముఖేషన్నా! పువ్వేది?"

గల్లీలో టెంపో కడుగుతున్న ముఖేష్ తడిబట్టతోనే లోపలికి వచ్చాడు. నమ్రతకు చిన్నాన్న కొడుకు.

"ఏ పువ్వే?"

"యాక్టింగ్ చెయ్యకు. నిన్న ఫొటో తీసింది నువ్వే. ఫార్మ్‌హౌస్ సేట్లు ఇసొంటియి ఎగబడి కొంటరన్నది నువ్వే. చోర్! చోర్‌వి నువ్వు!"

ఎదురింటి కిటికీ తెరుచుకుంది. పక్కింటిదీ తెరుచుకుంది. భివండి నిజాంపురా గల్లీల్లో ఆ మాటకు జనం జమ కావడానికి ఎంతోసేపు పట్టదు.

నమ్రత ఎవరినీ పట్టించుకోలేదు. చేతిలోని స్పిరిట్ సీసాను గట్టిగా పట్టుకుంది. ఆ సీసా కోసమే మధ్యాహ్నం అంజూర్ ఫాటా దాకా వెళ్లింది. తిరిగొస్తుంటే గోదాముల దగ్గర ట్రక్కుల జాం. ఆమె జాంలో ఇరుక్కున్న ఆ కాసేపట్లో అంతా అయిపోయింది.

పోయిన ఏడాది వానల్లో ఆమె ఈ మొక్కను సహ్యాద్రి కొండల్లో, ఎండాకాలంలో కూడా ఆకు రాల్చని చీకటి అడవిలో, ఒక వాగు పక్కన చూసింది. అడవి అల్లం. అప్పటికే పూలు రాలి కాయలున్నాయి. ఆకు అడుగున పట్టులాంటి వెండి నూగు. ఆమెకు పరిశోధన నేర్పే మేడం ఆ నూగును భూతద్దం కింద చాలాసేపు చూసి, "కొత్త జాతిలాగే ఉంది. కానీ అల్లం కుటుంబాన్ని పువ్వు చూడకుండా తేల్చలేం" అంది. కొత్త మొక్కకు పేరు పెట్టాలంటే ఆ మొక్కే సాక్ష్యం చెప్పాలి. ఆకూ పువ్వూ ఉన్న నమూనా ఒకటి ఎప్పటికీ భద్రంగా ఉండాలి. పేరు దాని మీదే నిలబడుతుంది.

ఈ ఏడాది ఆ కొండ చరియ జారి వాగులో పడింది. మళ్లీ వెళ్లి చూస్తే అక్కడ ఎర్రమట్టి తప్ప ఏమీ లేదు. అటవీశాఖ అనుమతితో అప్పుడు తెచ్చుకున్న ఒక్క దుంప మిగిలింది. దాన్ని సాంచాల షెడ్డు కిటికీ కింద కుండీలో పెట్టింది. నూలు తెగకుండా షెడ్డులో నేల మీద రోజంతా నీళ్లు చల్లుతారు. ఆ తేమ, ఆ నీడ మొక్కకు అడవిలాగే తోచినట్టుంది, ఏపుగా పెరిగింది. ఈ వారమే మొదటి పూగుత్తి లేచింది. ఇవాళ సాయంత్రం మొదటి పువ్వు విచ్చుకోవాలి. కొలతలు తీసి, ఫొటోలు తీసి, సీసాలో వేయాలి.

మళ్లీ ఎప్పుడు పూస్తుందో, అసలు పూస్తుందో లేదో ఎవరికీ తెలియదు.

"నమ్రతా, ఇటు చూడు," ముఖేష్ కుండీ అంచును వేలితో చూపించాడు. "గిదేంది?"

అంచు మీద పసుపు రంగు వేలిముద్రలు. కింద రెండు బంతిపూల రేకులు.

"చోరీకి వచ్చేటోడు చేతులకు పసుపు రాస్కొని వస్తడా?"

నమ్రత ముట్టుకుని చూసింది. తడి పసుపు. పసుపు ముద్దతో గౌరమ్మను చేసిన చేతులే అలా ఉంటాయి. ఇవాళ సద్దుల బతుకమ్మ, పండుగ ఆఖరి రోజు.

అలజడి విని షెడ్డులోంచి బుచ్చిరాములు బయటికి వచ్చాడు. తల మీద దూది నూగు దులుపుకుంటూ కూతుర్ని చూశాడు. "ఏమాయెనే బిడ్డా?"

"నాయనమ్మ ఏది నాయినా?"

"చెరువు కాడికి పోయింది. ఈసారి బతుకమ్మ మస్తు పేర్చింది. మీదికెల్లి ఏందో ఎర్ర పువ్వు గూడ పెట్టింది."

నమ్రత ముఖేష్ వైపు చూసింది. అతను అప్పటికే తాళంచెవి తీశాడు.

టెంపో గల్లీ దాటి మెయిన్ రోడ్డెక్కింది. ఎదురుగా నూలు బండ్లు, ఆటోలు, మగ్గాలకు నూలు చుట్టే బీము రోలర్లు మోసుకెళ్లే చేతిబండి. ముఖేష్ హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. చీకటి పడేలోగా బతుకమ్మలు నీళ్లలోకి వెళ్తాయి. పువ్వు నీళ్లలోకి వెళ్లిందంటే పేరూ వెళ్లినట్టే.

"సారీ అన్నా," అంది నమ్రత.

"సారీ నా చెవుల చెప్తున్నవ్. చోర్ అన్నది మాత్రం మైకుల చెప్పినట్టు చెప్పినవ్."



చెరువు గట్టు మీద చివరి పాట అయిపోయింది. ఆడవాళ్లు చప్పట్లు ఆపి బతుకమ్మలు ఎత్తుకుంటున్నారు. నాయనమ్మ యమునాబాయి తాంబాలం తల మీద పెట్టుకుని మెట్లు దిగుతోంది. బంతిపూల గుండ్రాల మీద, అన్నిటికంటే పైన, గౌరమ్మ పక్కన ఎర్రటి గుత్తి నిప్పుకణికలా ఉంది.

"ఆగు నాయనమ్మా! నీళ్లల్ల ఇడువకు!"

"ఏందే, దయ్యం వట్టినట్టు ఉరికొస్తున్నవ్?"

"గా ఎర్ర పువ్వు నాది. నాకు గావాలె."

"పేర్చిన బతుకమ్మల పువ్వు గుంజుతరానే? మొన్న నిన్నే అడిగితి గద, ఇదేం మొక్క అని. ఏమన్నవ్?"

నమ్రత తాంబాలం వైపే చూస్తోంది.

"పిచ్చిమొక్క, దేనికీ పనికి రాదన్నవ్," ముసలావిడే చెప్పింది. "బతుకమ్మకు ఎత్తేవే పిచ్చి పూలు. గునుగును ఎవలన్న నాటిన్రా? తంగేడుకు ఎవలన్న నీళ్లు వోసిన్రా? ఈ భివండిల అవి దొర్కక బజార్ల కొన్న జెండు బంతిపూలతోనే కానిస్తున్న. ఇన్నేండ్లకు ఒక్క అడివి పువ్వు నా ఇంట్లనే దొరికిందని ఎంత సంబురపడ్డనో తెలుసా?"

నమ్రత మెట్టు మీద నిలబడిపోయింది. పరిశోధన పత్రం ముద్రణ అయ్యేదాకా ఎవరికీ చెప్పొద్దని మేడం అంది. తెలిస్తే మొక్కలు అమ్ముకునేవాళ్లు తవ్వుకుపోతారని భయం. అందుకే ఇంట్లో అడిగిన ప్రతివాళ్లకూ పిచ్చిమొక్క అనే చెప్పింది. పువ్వును కాపాడటానికి చెప్పిన మాట అది. అది విలువైన మొక్క అని చెప్పి ఉంటే నాయనమ్మ దాని జోలికి వచ్చేదే కాదు. ఎవరికీ అక్కర్లేని పువ్వని నమ్మింది కాబట్టే బతుకమ్మ నెత్తిన పెట్టింది.

"అది పిచ్చిమొక్క కాదు నాయనమ్మా," మెల్లగా అంది. "దాని పువ్వును చదువుకున్నోళ్లెవ్వరు చూడలే. దానికింక పేరు లేదు. ఉన్న కొండ కూలిపోయింది. నీ నెత్తి మీద ఉన్నదే ఆఖరిది."

"ఒక్క పువ్వుకా గింత లొల్లి?" అని వెనక ఎవరో నవ్వారు. యమునాబాయి నవ్వలేదు.

"నాకు చెప్తె నేను తవ్వుకపోదునానే?"

నమ్రత తల దించుకుంది.

యమునాబాయి తాంబాలాన్ని జాగ్రత్తగా మెట్టు మీదికి దించింది. అందరూ వంగి చూశారు. ఎర్రటి పొరల మధ్యలోంచి లేతపసుపు పువ్వు ఒకటి సగం బయటికొచ్చింది. అది చూస్తుండగానే పెదవిలాంటి రేకు మెల్లగా కిందికి వాలింది. దాని నిండా ఊదారంగు చుక్కలు. అడవిలో ఎవరి కంటా పడకుండా విచ్చుకునే పువ్వు అంతమంది ఆడవాళ్ల ఊపిరి తగులుతుండగా విచ్చుకుంది.

"అబ్బ, ఎంత ముద్దుగున్నదే," అంది యమునాబాయి. పసుపు వేళ్లతో గుత్తిని పైకి తీసింది, ఒక్క రేకు కూడా కదలకుండా. నమ్రత చెయ్యి చాచింది. ముసలావిడ ఇవ్వలేదు.

"ఇస్త. గని ముందు ఒకటి చెప్పు. ముఖేష్ మొకం గట్లెందుకున్నది?"

ముఖేష్ చెరువు వైపు తిరిగి, "ఏం లేదు నాయనమ్మా. గల్లీల చోర్ అన్నది, గంతే," అన్నాడు.

"గల్లీ అంత ఇనంగనా?"

"అంత ఇనంగ."

యమునాబాయి మనుమరాలి వైపు తిరిగింది. "అగో, మన గల్లీ ఆడోళ్లందరు ఇక్కడనే ఉన్నరు. చోర్ ఎవరో వీళ్లకు చెప్పి పువ్వు తీస్కపో. గప్పుడెంత గట్టిగ అన్నవో, గంత గట్టిగ."

నమ్రత సీసా మూత తీసి పట్టుకుంది. గట్టు నిండా తెలిసిన ముఖాలే. ఊపిరి తీసుకుని, సాంచాల షెడ్డులో మాట్లాడే గొంతుతో అరిచింది.

"ముఖేషన్న చోర్ కాదు! నాయనమ్మ చోర్ కాదు! అబద్ధం చెప్పి పువ్వును తెంపించింది నేను! చోర్ నమ్రత! బుచ్చిరాములు బిడ్డ నమ్రత!"