రాని చుట్టాలు

పొద్దున ఎనిమిదింటికి పది నిమిషాల ముందు భవాని గేటుకున్న టు-లెట్ బోర్డు తీసి లోపల పెడుతుంది. ఎనిమిదింబావుకు మళ్లీ తగిలిస్తుంది. ఇంట్లో ఉన్న చాకిరీ చాలదన్నట్టు నాలుగు రోజులుగా ఇదొక కొత్త పని.

మారేడ్‌పల్లిలో వాళ్లది రెండంతస్తుల ఇల్లు. పై పోర్షన్ కిరాయికిస్తే కాలు మీద కాలేసుకుని బతకొచ్చని భర్త హరికిషన్ ఫోన్‌లో వీడియోలు చూసి తేల్చాడు. "పాసివ్ ఇన్‌కమ్ అంటరు దీన్ని. ఏం పని చెయ్యకుండనే వస్తది," అన్నాడు, ఖాళీ చేసిపోయినవాళ్ల బాత్రూంలో ఆమె యాసిడ్ పోసి రుద్దుతుంటే. కాలు మీద కాలు ఆయనది. మోటరు వెయ్యడం, ట్యాంకు కడిగించడం, ప్లంబర్‌ను పదిసార్లు బతిమాలడం ఆమెది. అబద్ధాలాడటం కూడా తన వంతేనని మాత్రం ఈ వారమే తెలిసింది.

ఆదివారం పొద్దున జెబా పోర్షన్ చూడ్డానికొచ్చింది. తిరుమలగిరి వైపు ఓ ఆస్పత్రిలో నర్సు. వెంట తల్లి లతీఫున్నీసా. మెట్లెక్కి ఆమె ఆయాసపడితే భవాని చాయ్ పెట్టిచ్చింది. పై వంటింటి కిటికీ దగ్గర నిలబడి, "గీడ మంచిగ గాలొస్తది. కూసోని బియ్యం ఏరుకుంట అక్కా," అంది ఆ తల్లి. ఒకప్పుడు భవాని కూడా అక్కడే కూర్చుని ఏరుకునేది. ఆ ఇంట్లో తనదనుకున్న చోటు అదొక్కటే. ఇలాంటి మనిషికి ఇస్తే బాగుండుననిపించి, "శుక్రవారం దిగుండ్రి," అని నోరారా చెప్పింది.

మధ్యాహ్నం ఆ పేర్లు వినగానే హరికిషన్ ముద్ద ఆపేశాడు. "నాకేం లేదు గానీ, పక్కింటోళ్లు ఏమనుకుంటరు? వెజిటేరియన్లకే ఇస్తమని చెప్పు." ఆయన కంచం నిండా మటన్ కూర. ఆ మాట భవాని నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చిన మాటను మింగేసి, ఇంకో రెండు ముక్కలు వడ్డించింది.

మటన్ వాసనలో ఆ అబద్ధం చెప్పలేక, ఇంకోటి వెతుక్కుంది. "మా చుట్టాలొస్తున్నరమ్మా, వాళ్లకే ఇస్తున్నం," అని ఫోన్ చేసింది. "పర్వాలేదు ఆంటీ," అంది జెబా. తిట్టినా బాగుండేది.

ఆ పిల్ల రోజూ డ్యూటీకి ఈ వీధినుంచే స్కూటీ మీద పోతుంది. అందుకే ఈ బోర్డు దాచడం. తప్పు చేసి ఇన్ని పాట్లు పడే బదులు ఆ తప్పే చెయ్యకుండా ఉండాల్సిందని గేటు దగ్గర నిలబడ్డ ప్రతిసారీ అనుకుంటుంది.

ఇవాళ శుక్రవారం. బోర్డు తీగ గేటుకు ఇరుక్కుంది. లాగి ఊడదీసేసరికి స్కూటీ వచ్చి ఆగింది. భవాని కొంగు కప్పబోయింది. అంత బోర్డుకు కొంగు చాల్లేదు.

"తీగ గుచ్చుకుంటది ఆంటీ, జెర పైలం," అంది జెబా. "రోజూ మీకెందుకు తక్లీఫ్? నేను పోంగనే మళ్ల పెడుతున్నరని ఇస్త్రీ రాములు చెప్పిండు. రేపట్నుంచి నేనే వేరే రోడ్డుకెల్లి పోత."

భవానికి తల కొట్టేసినట్టయింది. "ఇల్లు దొరికిందా బిడ్డా?"

"యాడ ఆంటీ? అందరిండ్లకు చుట్టాలే వస్తున్నరు."

ఆ గొంతులో కోపం లేదు. అలవాటైపోయిన అలసట ఉంది.

"మాకు చుట్టాలెవ్వరు రాలేదమ్మా. నేనే అబద్ధం చెప్పిన," అంది భవాని. ఆయన చెప్పమన్నాడని అనడం సులువే. కానీ ఫోన్ పట్టుకున్న చెయ్యి తనది.

బొడ్లో దోపుకున్న తాళంచెవి తీసి ఆ పిల్ల అరచేతిలో పెట్టింది. జెబా వేళ్లు ముడవలేదు. "మరి అంకుల్?" అంది.

అంతలో లోపల్నుంచి హరికిషన్ కేక వినబడింది. "భవానీ, బోర్డు పెట్టినవా?"

"లేదు. చుట్టాలొచ్చిండ్రు," అంది భవాని, గేటు బార్లా తెరుస్తూ. "జెర లేచి మోటరు వెయ్యుండ్రి."