తోడుగొంతు

రాయిస్ పోయాక చర్చి ఆడవాళ్ళు వండి తెచ్చిన గిన్నెలన్నీ సింకులో పేరుకుపోయాయి. ప్రతి గిన్నె అడుగునా అంటించిన పట్టీ మీద సొంతదారు పేరుంటుంది. ఆ పేరు చెరగకుండా తోమి, ఎవరి గిన్నె వాళ్ళింటికి చేర్చి, చికెన్ ఎంత బాగుందో చెప్పి రావాలి. మనిషి పోయిన ఇంటికి టెనెసీలో ఊరంతా వండిపెడుతుంది, ఆ గిన్నెలు తోమడం మాత్రం మొగుడు పోయినదాని వంతే. ట్వైలా ఒక గాజు పళ్ళేనికి మాడి అంటుకున్న చీజ్ గీకుతూ ఉండగా మరిది వెండెల్ తలుపు తోసుకుని వచ్చాడు.

"అంతా కుదిరింది వదినా! కంపెనీ వాళ్ళు సరేనన్నారు. అన్నయ్య కలగన్న రాక్ ఆల్బమ్! గరాజ్‌లో పాడి దాచుకున్న టేపులున్నాయిగా, వాటి మీద కొత్తగా గిటార్లూ డ్రమ్సూ వేస్తాం. నువ్వు ఎప్పట్లాగే తోడు పాడేస్తే చాలు. పోయిన మొగుడికి పెళ్ళాం నివాళి అంటే జనం ఊరుకుంటారా, ఎగబడరూ!"

"ఆ తువ్వాలు కాస్త అందుకో," అంది ట్వైలా.

అతను అందుకోలేదు. ఫోనులో ఎవరికో అదే కబురు చెబుతూ వరండాలోకి వెళ్ళిపోయాడు.

ఊరూరా తిరిగి ఇచ్చే కచేరీల పోస్టర్ల మీద ఇద్దరి పేర్లూ పడేవి కానీ పాట రాయిస్‌ది. ఆమెది పై వరస, అతని గొంతుకి తోడు. అతను పాడుతుంటే ఆమె జనం వైపు కాకుండా అతని నోటి వైపు చూడాలి. అతను ఊపిరి తీసుకున్నప్పుడే తీసుకోవాలి, మాట సాగదీస్తే సాగదీయాలి, తుంచేస్తే తుంచేయాలి. పెళ్ళైన కొత్తలో రాయిస్ నేర్పిన సంగీతమంతా ఒక్క ముక్కలో ఉంది: "నా నోరు చూసి పాడు, చాలు." చూసేవాళ్ళకి అది ప్రేమలా కనబడేది. మొగుడి మొహం మీంచి కళ్ళు తిప్పదమ్మా, అని ముందు వరసలో ఆడవాళ్ళు మురిసిపోయేవారు. ఆమె గొంతు కాస్త లేస్తే అతని గడ్డం చటుక్కున కిందికి దిగేది, తగ్గించమని. అది ఆమెకి తప్ప ఎవరికీ తెలిసేది కాదు. ఆ నోరు చూడడం ఇంట్లోనూ అలవాటైపోయింది. పులుసులో ఉప్పు సరిపోయిందో లేదో, ఈ పూట మాట్లాడవచ్చో లేదో పెదవుల బిగువుని బట్టే చెప్పగలిగేది. కదిలే బస్సులో అతని మెరుపురాళ్ళు కుట్టిన స్టేజీ చొక్కాలు ఇస్త్రీ చేసింది, జ్వరంతో ఉన్న పిల్లని ఒళ్ళో పెట్టుకుని పై వరస సాధన చేసింది. "వాడికి గొంతు దేవుడిచ్చాడు, నీకు వాడిచ్చాడు," అనేది అత్తగారు, అదేదో దీవెన అన్నట్టు. ఒకసారి అతను గరాజ్‌లో రాక్ పాడుకుంటుంటే ట్వైలా గుమ్మంలో నిలబడి చరణం అందుకుంది. "ఇది ఆడగొంతుకి నప్పదు లేవే. లోపల ఏదో మాడుతున్నట్టుంది, చూడు," అన్నాడు. లోపల ఏదీ మాడడం లేదు. అయినా వెళ్ళి పొయ్యి చూసింది. ఆ వెళ్ళి చూడడమే ఇన్నేళ్ళూ ఆమెని తొలిచింది.

చివరికి అతని గొంతుకే కేన్సర్ వచ్చింది. మాట పోయాక పెదవులు చూసి అర్థం చేసుకోగలిగింది ఆమె ఒక్కతే. పక్క దుప్పటి మారుస్తూ తనకి తెలియకుండా ఏదో కూనిరాగం తీసిందొక రోజు. దిండు మీద అతని గడ్డం కిందికి దిగింది.

ఆల్బమ్ మొదలైన రోజు స్టూడియోలో గాజు పలకకి అవతల గ్లెండా అనే పెద్దావిడ రికార్డింగ్ చూసుకుంటోంది. వెండెల్ భోజనానికి వెళ్ళాడు. చెవులకి తగిలించుకున్న హెడ్‌ఫోన్లలో రాయిస్ గొంతు మొదలైంది. ఎంత ఆరోగ్యంగా ఉందో! ట్వైలాకి అతని మీద బెంగా కోపమూ ఒకేసారి ముంచుకొచ్చాయి. పై వరస పాడింది. మళ్ళీ పాడింది.

గ్లెండా టేపు ఆపింది. "ట్వైలా, చరణం చివర బాగా ఎక్కుతున్నావు, ఉన్నట్టుండి పడిపోతున్నావు. ప్రతిసారీ అక్కడే. ఏమైంది?"

"అక్కడ రాయిస్ గడ్డం దించుతాడు."

అనేశాక ఆ మాట ఆమెకే వినబడింది. మనిషిని పూడ్చిపెట్టి వచ్చింది, గడ్డం మాత్రం ఇంకా కదులుతూనే ఉంది.

"ఆయన గొంతు తీసెయ్," అంది.

"పూర్తిగానా?"

"పూర్తిగా. ఉత్త వాయిద్యాలుంచు."

గిటార్లు హోరున మోగాయి. ట్వైలా ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తెలియక మొదటి మాటకే తడబడింది. రెండోసారి పాట అందింది కానీ ఆమె గొంతుకి మరీ కింద, అడుగున ఎక్కడో ఉంది. వంగి వంగి ఏరుకోవలసి వచ్చింది.

గ్లెండా లోపలికి వచ్చి గోడకి ఆనించిన గిటారు తీసుకుంది. "ఇది ఆయన శ్రుతి. నీది ఏది?"

ట్వైలా గ్లెండా నోటి వైపు చూసింది. పిల్ల పెళ్ళీడుకొచ్చేదాకా పాటలు పాడి బతికిన మనిషికి తన శ్రుతి ఏమిటో తెలియదు! ఇన్నాళ్ళలో ఎవరూ అడగలేదు, తనని తనే అడిగిందీ లేదు. సమాధి దగ్గర రాని ఏడుపు అప్పుడు వచ్చింది. అది రాయిస్ కోసం కాదు.

గ్లెండా ఓదార్చలేదు. ఒక మెట్టు పెంచి వాయించింది. చాలదు. ఇంకొకటి. ఇంకా. ఒకచోట ట్వైలా గొంతు దానంతటదే లేచింది. గరుగ్గా, వయసు మీరి, అక్కడక్కడ చీలుతూ. అందంగా ఏమీ లేదు. చరణం చివర ఆమె తగ్గలేదు.

వెండెల్ చేతిలో పొట్లాంతో గుమ్మంలో ఆగిపోయాడు. "ఇదేంటి వదినా? అన్నయ్య గొంతేది?"

"తీయించేశాను. పాటలు ఆయనవే ఉంటాయి. గొంతు నాది."

"మతి పోయిందా? జనం వచ్చేది ఆయన గొంతు కోసం! కంపెనీ వాళ్ళు వెనక్కి తగ్గితే?"

"తగ్గనీ. నేను మాత్రం తోడు పాడను."

"మరి ఇది నివాళి ఎలా అవుతుంది?"

ట్వైలా అతని పెదవుల వైపు చూడలేదు. హెడ్‌ఫోన్లు సర్దుకుని గ్లెండా వైపు తిరిగి, మొదలుపెట్టమని తలూపింది.

"నివాళి మీ అన్నయ్య బతికున్నన్నాళ్ళూ ఇచ్చాను వెండెల్. ఇప్పుడు పాడుకోనీ."