పదును ఎటు వైపు

నేను ఒక కత్తిపీటను. నన్ను రోజూ తొక్కుతారు. చెక్క మీద కాలేసి, ముందుకు వంగి, కూరగాయను రెండు చేతులా పట్టుకుని నా మీదికి నెడతారు. నా పదును ఎప్పుడూ నన్ను తొక్కిన మనిషి వైపే ఉంటుంది. వంటింట్లో పెరిగినవాళ్ళకి ఈ సంగతి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళకి ఎవరూ చెప్పరు.

నా పుట్టుక మెత్తనిది కాదు. రాజోలు దగ్గర కాలవలో బోల్తా పడి ఇద్దర్ని చంపిన ఒక లారీ కమాను పట్టీని నేను. కమ్మరి నన్ను ఎర్రగా కాల్చి, దాగలి మీద పెట్టి సమ్మెటతో బాదాడు. "కొడితేగానీ దారికి రాదు" అన్నాడు పక్కవాడితో. ఇనుము గురించే అన్నాడు లెండి. తర్వాత ఇదే మాట ఒక మనిషి ఇంకో మనిషి గురించి అనడం విన్నాను. నేను ఇనుమును కాబట్టి వంగాను.

తుమ్మచెక్కకి బిగించాక నన్ను కొన్నది సలోమి తల్లి. సలోమి నర్సు. మస్కట్‌లో ఉద్యోగం వచ్చి వెళ్తుంటే, తల్లి నన్ను పాత లుంగీలో చుట్టి పెట్టెలో పెట్టింది.

"అక్కడ చాకులుంటాయే అమ్మా" అంది సలోమి.

"చాకుతో కోసిన వంకాయ కూరేం రుచి? పట్టుకెళ్ళు. పనయ్యాక మాత్రం పడుకోబెట్టు. నిలబెట్టి వదిలేస్తే కత్తిపీట ఎవరిదో ఒకరి కాలు అడుగుద్ది."

అక్కడి విమానాశ్రయంలో ఒక అధికారి నన్ను బయటికి తీసి, తలకిందులు చేసి, అనుమానంగా చూశాడు. సలోమికి మాటలు చాలక నేల మీద కూర్చుని, చెక్క మీద కాలేసి, లేని వంకాయను కోసి చూపించింది. వెనక వరుసంతా నవ్వింది. అధికారి కూడా నవ్వి వదిలేశాడు. ఆయుధాన్ని చూస్తే మనుషులు భయపడతారు. దాని ముందు ఆడది కూర్చుంటే నవ్వుతారు.

ఏడాది తర్వాత ఆమె భర్త సువర్ణరాజు, కూతురు కెజియా వచ్చారు. సలోమి పేరు మీద ఒక మేడ మీది ఇల్లు అద్దెకి తీసుకున్నారు. కింది వాటాలో ఇంటి యజమానురాలు షంసా బీబీ ఉండేది. ఒంటరి ముసలావిడ. హిందీ బాగా మాట్లాడుతుంది.

సువర్ణరాజు ఒక కొట్టులో వ్యాను నడిపేవాడు. యజమానితో కొట్లాడి ఆ పని పోగొట్టుకున్నాడు. అప్పట్నుంచి ఇంటి తలుపు మీదున్న భార్య పేరు అతని కంట్లో నలుసైంది. "పెళ్ళాం పేరున్న కొంపలో కుక్కలా పడున్నాను" అనేవాడు. అని ఊరుకునేవాడు కాదు. మొదట చేత్తో, తర్వాత బెల్టుతో. తర్వాత జుట్టు పట్టి తల గోడకేసి కొట్టేవాడు. గోడ సున్నం రాలి నా చెక్క మీద పడేది. మర్నాడు సలోమి నీలం మచ్చ మీద పౌడరు రాసుకుని, పరాయివాళ్ళ గాయాలకి కట్టు కట్టడానికి వెళ్ళేది.

కూర తరగడం అవ్వగానే ఆమె నన్ను కడిగి, తువ్వాలు చుట్టి, గ్యాసు సిలిండరు వెనక దాచేసేది. ఎందుకో నాకు తెలుసు. కెజియాకీ తెలుసు.

ఆస్పత్రి ప్రహరీ లోపల నర్సులకి క్వార్టర్లున్నాయి. గేటు దగ్గర కాపలా ఉంటుంది, పేరు లేనివాళ్ళని లోపలికి రానివ్వరు. అయితే బయట అద్దె ఒప్పందం ఉన్నవాళ్ళకి అవి ఇవ్వరు. ఈ ఇంటి ఒప్పందమేమో ఏడాదికి. ఇంకా సగం కూడా కాలేదు.

ఒకరోజు షంసా బీబీ పైకొచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది. "ఏమిటమ్మా, రోజూ సామాను జరుపుతారా? నా కప్పు అదురుతోంది."

సలోమి ఆ చప్పుడు సంగతి చెప్పలేదు. తల దించుకుని, "బీబీ, ఒప్పందం ముందే ముగించి నన్ను వదిలేస్తారా?" అంది.

"ఏడాదంటే ఏడాది. మాట మీద నిలబడాలి కదా." ముసలావిడ వెళ్తూ వెనక్కి తిరిగింది. "శుక్రవారం వచ్చి చూస్తాను. ఇల్లు నేనిచ్చినట్టే ఉంటే అప్పుడు మాట్లాడదాం."

ఆ మాటకి సలోమి కళ్ళు వెలిగాయి. సువర్ణరాజు బయటికి వెళ్ళినప్పుడల్లా తల్లీకూతుళ్ళు గోడల గుంతల్లో తెల్లటి టూత్‌పేస్టు కూరి, గరిటె వెనకవైపుతో నున్నగా రాసేవారు. వంటిల్లంతా పుదీనా వాసన. దెబ్బ తిన్న మనిషే ఆ దెబ్బ గుర్తుల్ని పూడ్చిపెట్టాలి. అద్దె ఇళ్ళలో ఇదొక పద్ధతి కాబోలు.

శుక్రవారం సలోమి వంకాయలు కోస్తుండగా బీబీ వచ్చింది. వస్తూనే, "మెట్ల మీద నీ మొగుడు కనబడ్డాడు. ఎప్పుడు ఖాళీ చేస్తున్నారని అడిగాను. పలక్కుండా కిందికి పోయాడు" అంది.

సలోమి చేతిలోని వంకాయ సగంలో ఆగిపోయింది. ఒక్క ఉదుటున లేచి వెళ్ళి వీధి తలుపు గడియ వేసింది. నన్ను పడుకోబెట్టలేదు. అన్నాళ్ళలో అదే మొదటిసారి.

బీబీ గోడలు తడుముతూ నా పక్కకొచ్చింది. ఒకచోట వేలు నొక్కింది. టూత్‌పేస్టు పెచ్చు ఊడిపడింది.

"ఇంత కిందికి మేకెందుకు కొట్టావు?"

సలోమి నోరు తెరిచేలోపు కెజియా హిందీలో అంది. "అది మేకు కాదు బీబీ. అమ్మ తల."

ముసలావిడ వేలు ఆ గుంతలోనే ఉండిపోయింది.

అప్పుడే తలుపు మీద మొదటి తన్ను పడింది. రెండో తన్నుకి గడియ మేకులు లేచాయి. మూడోదానికి గడియ ఊడి హాల్లోకి ఎగిరింది.

"నన్ను రోడ్డు మీద పడేస్తావటే?" అంటూ వచ్చాడు సువర్ణరాజు. సలోమి జుట్టు చేతికి చుట్టుకుని వంటింట్లోకి ఈడ్చి, గోడకేసి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. ఆ గుంతలోనే. కెజియా అతని కాలు పట్టుకుని కొరికింది. పిల్లని విదిలించి కొట్టాడు. బీబీ కర్ర అతని వీపు మీద పడి విరిగింది. అతనికి అదీ తెలియలేదు. ఎదురుగా నిలబడి ఉన్న నేను మాత్రం కనబడ్డాను.

"నిన్ను నరికి పోతానే ఈ రోజు."

వంగి నన్ను అందుకున్నాడు. ఇన్నాళ్ళూ నేను కోసిన కూరే తిన్నాడు గానీ, ఒక్క పూట నా ముందు కూర్చోలేదు. నిలబడ్డ ఇనుమును పిడి అనుకుని గుప్పిట బిగించి, బలమంతా పెట్టి లాగాడు.

నేను కోశాను. నాకు తెలిసింది అదొక్కటే. వంకాయైనా అరచెయ్యైనా, నెట్టినంత మేర కోస్తాను. ఎముక తగిలేదాకా దిగాను. నెత్తురు నా చెక్క నిండా పారి, కోసిన వంకాయ ముక్కల్ని తడిపేసింది. అతను చెయ్యి చూసుకుని గోడకి జారి కూలబడ్డాడు. అప్పుడతను వేసిన సన్నటి కేక, ఇన్నాళ్ళూ ఆమె ఎన్నడూ వెయ్యనిది.

సలోమి నుదుటి నుంచి కూడా నెత్తురు కారుతోంది. ఒక్క క్షణం అతన్ని చూసింది. తర్వాత నా తువ్వాలే తీసి, అతని చెయ్యి పైకెత్తి గట్టిగా కట్టింది.

"చెయ్యి పైకే పెట్టుకోండి. నరం తెగింది, కుట్లు పడతాయి. ఇదే నేను కట్టే ఆఖరి కట్టు."

పోలీసులొచ్చారు. "ఇదే నన్ను నరికింది" అన్నాడు అతను, సలోమిని చూపించి. నేను నోరు లేనిదాన్ని. నేరం ఆమె మీదికి వస్తుందనుకున్నాను. షంసా బీబీ ముందుకొచ్చి నిలబడింది.

"ఆమె దాన్ని ముట్టుకోలేదు. వాడే పట్టుకున్నాడు, నేను చూశాను. ఇన్నాళ్ళూ విన్నాను కూడా. సామాననుకున్నాను."

వాళ్ళు అతన్ని తీసుకెళ్ళాక ఆవిడ ఒప్పందం కాగితం తెప్పించి, పొయ్యి గట్టు మీద పెట్టి రద్దు రాసి సంతకం చేసింది.

"గోడలు బాగుచేయించి ఇస్తాను బీబీ" అంది సలోమి.

"ఇంక ఒక్క గుంత కూడా పూడ్చకు" అంది ముసలావిడ.

పోలీసు బీరువాలో కొన్నాళ్ళుండి క్వార్టరుకి వచ్చాను. నా చెక్కలో ఒక మరక మిగిలింది. చింతపండు పెట్టి తోమినా పోలేదు. తోటి నర్సులు అడిగితే "బీట్‌రూటు" అంటుంది సలోమి.

మొన్న కెజియా మొదటిసారి నా చెక్క మీద కాలేసింది. ముందు బెండకాయలున్నాయి.

"పదును ఎటుందో చూసుకున్నావా?" అంది తల్లి.

"నా వైపే."

"ఊఁ. మెల్లగా నెట్టు."

కోయడం అయ్యాక ఆ పిల్ల నన్ను కడిగి పడుకోబెట్టింది. సిలిండరు వెనక కాదు, వంటింటి నడుమ.