కాలని ఫ్యూజు

అంబదాస్ కారు డోరుకు అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని పాట వింటున్నాడు. చెవులతో వినడం ఆయన ఎప్పుడో మానేశాడు. ఇరవై ఏళ్ళు సూరత్ పక్క ఉధ్నాలో మరమగ్గాల మధ్య నిలబడ్డ చెవులవి. ఇప్పుడు పక్కన పిడుగు పడినా "ఎవరు?" అని మర్యాదగా అడుగుతాడు. అలాంటి మనిషిని జిగ్నేశ్ సేఠ్ ఏరికోరి తన దుకాణంలో కార్లకు స్పీకర్లు, యాంప్లిఫయర్లు బిగించే పనిలో పెట్టుకున్నాడు. నష్టమేమీ రాలేదు. బాస్ ఎలా ఉందో డోరు రేకే ఆయన అరచేతికి చెబుతుంది. పైగా కుర్రాళ్ళు ఎంత సౌండు పెట్టించుకున్నా తలనొప్పి రాని మెకానిక్కు సూరత్ మొత్తానికి ఆయనొక్కడే.

మనిషి సన్నం. చొక్కా ఆరేయడానికి తీగ దొరక్క ఆయనకు తగిలించారేమో అన్నట్టుంటాడు. వేళ్ళ చివర్లు నల్లటేపు జిగురుతో ఎప్పుడూ అంటుకుంటూ ఉంటాయి. జేబులో ఓ టేపు చుట్ట, టెస్టరు. సిరిసిల్ల దిక్కు నుంచి వచ్చినప్పుడు జేబులో ఏముండేదో ఆయనకే గుర్తులేదు.

ముత్యం వ్యాను వచ్చి దుకాణం ముందు ఆగింది.

"ఏం బావా, ఇంక బతికే ఉన్నవా?" అని కిటికీలోంచి అరిచాడు ముత్యం.

"నువ్వు పోయినంకనే పోదామని ఆగిన," అన్నాడు అంబదాస్, అంతే గట్టిగా. ఇద్దరూ ఒకే షెడ్డులో మగ్గాలు నడిపినవాళ్ళు. వాళ్ళు రహస్యం మాట్లాడుకుంటే తాపీ నది అవతల అడాజన్‌లో ఉన్నవాళ్ళు కూడా అభిప్రాయం చెప్పవచ్చు.

మగ్గాలు మానేశాక ముత్యం ఈ పాత వ్యాను కొని, వెనక స్పీకర్లు పెట్టించాడు. డిండోలిలో తెలుగువాళ్ళ పెళ్ళయినా బోనాలయినా అతనే రావాలి. అతను సౌండు పెంచితే వీధిలో పాలు వాటంతటవే తోడుకుంటాయని చెప్పుకుంటారు. ఎక్కువగా చెప్పుకునేది ముత్యమే. మనిషి కూడా ఆ సౌండుకు తగ్గట్టే ఉండేవాడు. అతను ఎక్కితే ఆటో ఒక పక్కకు ఒరిగి, డ్రైవరు రెండో పక్కకు జరిగి కూర్చునేవాడు.

వ్యానుకు ఒకటే రోగం. పాట మధ్యలో యాంప్లిఫయర్ ఫ్యూజు కాలిపోతుంది. అదీ ముత్యం స్టీరింగు ముందు కూర్చున్నప్పుడే. అంబదాస్ కూర్చుని సాయంత్రం దాకా పాటలు పెట్టినా దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. "ఫ్యూజుకు నువ్వంటే బయం బావా," అనేవాడు ముత్యం. అంబదాస్ యాంప్లిఫయర్ మార్చాడు. ఎర్తు మార్చాడు. దోషం దొరకలేదు. ఒకసారి ఓ బారాతులో ముత్యం కాలిన ఫ్యూజుకు జరీ పోగు చుట్టి నడిపించాడు. జరీ కాలలేదు, వైరు కరిగింది. పొగలో పెళ్ళికొడుకు దిగి పరిగెత్తాడు, వెనక మేళం కూడా. అంబదాస్ తిట్టుకుంటూ పాత దారిలోనే కొత్త వైరు లాగాడు. ఫ్యూజులు మళ్ళీ కాలడం మొదలుపెట్టాయి.

"ఎన్ని ఫ్యూజులు కావాలె?" అన్నాడు అంబదాస్, డబ్బా తీస్తూ.

"ఒక్కటి గూడ వద్దు. రొండు నెలలాయె, ఒక్కటి కాలలే. నీ చెయ్యి మంచిది బావా."

అంబదాస్ డబ్బా మూత అలాగే పట్టుకున్నాడు. పోయినసారి తాను ఫ్యూజు మార్చడం తప్ప ఏమీ చెయ్యలేదు. బాగు చెయ్యనిది బాగవడం ఆయనకు నచ్చదు.

"మళ్ళ జరీ చుట్టినవా?"

"నీ మీదొట్టు, లేదు."

ఆ ఒట్టును నమ్మక హోల్డరు విప్పి చూశాడు. ఆకుపచ్చ ఫ్యూజు. శుభ్రంగా ఉంది. పోగు ముక్క కూడా లేదు.

ముత్యం దిగాడు. అప్పుడు చూశాడు అంబదాస్. చొక్కా లోపల ఇంకో మనిషికి చోటుంది. బెల్టుకు మేకుతో పొడిచిన కొత్త బెజ్జాలున్నాయి. గడియారం మోచేతి దాకా జారింది.

"ఏందిది?"

"వాకింగ్ జేస్తున్న."

పక్క సందులో పాన్ డబ్బాకు కూడా వ్యాను వేసుకుని పోయే మనిషి ఆ మాట అన్నాడు.

"ఊరికి పోతున్న బావా. మా అక్క బుచ్చవ్వ రమ్మంటున్నది. బండి నీ తాన ఉంచు. బతుకమ్మకు వస్త."

అంబదాస్ వ్యాను తలుపు తెరిచాడు. "కూసో," అని సీటు చూపించాడు. పాట పెట్టి సౌండు పెంచాడు. ముత్యం కూర్చున్నాడు. ఏమీ కాలేదు. "ఎగురు," అన్నాడు అంబదాస్. ముత్యం స్కూలు పిల్లాడిలా సీటు మీద ఎగిరాడు. పాట నడుస్తూనే ఉంది.

అంబదాస్ నేల మీద పడుకుని సీటు కిందకు టార్చి కొట్టాడు. వైరు తొడుగు అరిగి రాగి మెరుస్తోంది. దానికి చిటికెన వేలంత ఎత్తులో సీటు స్ప్రింగు ఆగి ఉంది. ఇన్నేళ్ళూ కిందికి దిగి వైరును తాకిన స్ప్రింగు ఇప్పుడు అంతవరకూ దిగడం లేదు.

లేచి, చేతులు దులుపుకుని, వెళ్ళి ముత్యం ఒళ్ళో కూర్చున్నాడు.

"అరె, ఏంది బావా, సేఠ్ జూస్తే షాదీ జేస్తడు మనకు!"

స్ప్రింగు కిర్రుమంది. పాట ఆగింది. ఆగడం అంబదాస్ వీపుకు తెలిసింది. కింద ముత్యం తొడల ఎముకలు గుచ్చుకోవడం కూడా తెలిసింది.

"ఇదివరకు నువ్వొక్కనివే కాలవెట్టేటోనివి," అన్నాడు.

"ఇప్పుడు నువ్వు గూడ కావాల్సొచ్చె," అని నవ్వాడు ముత్యం.

తూకానికి ఒక నిండు అంబదాస్ ముత్యంలోంచి పోయాడు. ఎటు పోయాడో మాత్రం తెలియలేదు.

"డాక్టర్లు ఏమన్నరు?"

ముత్యం ఏదో చెప్పాడు. జీవితంలో మొదటిసారి మెల్లగా చెప్పాడు. అతని ఛాతీ అదురు అంబదాస్ వీపుకు తెలిసింది. మాటలు తెలియలేదు. మళ్ళీ చెప్పమని అడగలేదు.

తర్వాత దిగి, జేబులోంచి టేపు తీసి, సీటు కిందకు వంగాడు. ముత్యం ఆయన మణికట్టు పట్టుకున్నాడు.

"ఉండనియ్ బావా. వచ్చి మంచిగ బలిసినంక కాలుతది గదా, అప్పుడు జేద్దువు."

బోసి వైరును అలా వదిలేసిన పాపం అంబదాస్ ఎన్నడూ ఎరగడు. కాసేపు టేపు చివర గోటితో గీకుతూ నిలబడ్డాడు. చుట్టను మళ్ళీ జేబులో వేసుకున్నాడు. కొత్త ఆకుపచ్చ ఫ్యూజు ఒకటి హోల్డరులో పెట్టి నొక్కాడు.

స్టేషనుకు ఆటో పిలిచారు. ముత్యం ఎక్కాడు. ఆటో ఒరగలేదు. డ్రైవరు జరగలేదు.

"కాలితె ఫోన్ జెయ్యి బావా!" అని అరిచాడు ముత్యం, మలుపు తిరుగుతూ.

బతుకమ్మకు ముందే బుచ్చవ్వ ఫోను చేసింది. ఫోను అరచేతిలో పెట్టుకుని, స్పీకరు పెంచి, అంబదాస్ ఆమెతో ఆ మాట రెండుసార్లు చెప్పించుకున్నాడు. రెండోసారి ఆమె అరిచి చెప్పవలసి వచ్చింది.

ఆయన వ్యానులోకి వెళ్ళి, ముత్యం చేసిన పెద్ద గుంటలో కూర్చుని పాట పెట్టాడు. సౌండు పెంచాడు. డోరుకు అరచెయ్యి ఆనించి, సీటు మీద ఒకసారి ఎగిరాడు. ఇంకోసారి ఎగిరాడు. దుకాణంలోంచి సేఠ్ తల బయటపెట్టి "చాచా, క్యా హువా?" అని అడిగి లోపలికి పోయాడు.

పాట ఆగలేదు. ఆకుపచ్చ ఫ్యూజు లోపల, సన్నని తీగ తెగకుండా అలాగే ఉంది.