బుడ్డోడికి దారి చెప్పిన పిల్ల

ముందే చెప్పేస్తున్నాను, ఆ ఆట ఏమంత గొప్పది కాదు. దాని గురించి ఎవరైనా "అబ్బ, ఆ రోజులే వేరు" అని మొదలుపెడితే నాకు ఒళ్ళు మండుతుంది. ముప్ఫై అయిదేళ్ళ తర్వాత, కళ్ళజోడు పెట్టుకుని, మూడు వారాలపాటు రోజూ ఆడిన మనిషిని కాబట్టి నాకు తెలుసు. అందులో అడవి అంటే పదకొండు చెట్లు. ఆ పదకొండింటినే తిప్పి తిప్పి చూపిస్తారు. కోట అంటే ఒక ఇటుకల గోడ. దాని ముందు తలుపంత రాక్షసుడు రెండడుగులు ముందుకు, రెండడుగులు వెనక్కి, జీతానికి నడిచినట్టు నడుస్తుంటాడు. ఇక సంగీతమంటారా, చెవిలో జోరీగే.

అయినా ఆడాను. మా చెల్లి నోట ఒక్క మాట వస్తుందని ఆడాను.

మా చెల్లి డ్రైవింగ్ స్కూల్లో టీచరు. పద్నాలుగేళ్ళుగా పక్క సీట్లో కూర్చుని ఎంతమందికి కారు నేర్పిందో లెక్కలేదు. ఆ పనంతా నోటితోనే. "క్లచ్ మెల్లిగా వదలండి, అద్దం చూడండి, ఆ లారీ మిమ్మల్నేం తినేయదు, పోనివ్వండి." చెమటలు కక్కుతూ కూర్చున్నవాళ్ళు కూడా ఆ గొంతు వింటే కుదుటపడేవాళ్ళట. మూడు నెలల కిందట ఒక ఉదయం మెదడులో రక్తం గడ్డకట్టి పడిపోయింది. కుడి చెయ్యీ కాలూ రెండు నెలల్లో దారికొచ్చాయి. మాట మాత్రం రాలేదు. మనం చెప్పేదంతా తెలుస్తుంది, నవ్వాల్సిన చోట నవ్వుతుంది, కాని నోరు తెరిస్తే వచ్చేది ఒకటే మాట. "అదే."

"మంచినీళ్ళా, టీయా?" అంటే "అదే". "నొప్పిగా ఉందా?" అంటే "అదే". తను అనాలనుకున్నది ఒకటి, వచ్చింది మరొకటి అని తనకే తెలిసి, పెదాలు బిగబట్టి కిటికీ వైపు తిరిగిపోయేది. అది చూడలేక నేను ఏదో ఒక వంక పెట్టుకుని బయటికి జారుకునేవాణ్ణి.

స్కూలు ఓనరు మంచివాడే. "ఈ నెలాఖరు దాకా మేడమ్ సీటు మేడమ్‌దే. ఆ తర్వాత నావల్ల కాదు" అన్నాడు. పక్క సీట్లో మనిషి సమయానికి నోరు తెరవకపోతే ప్రాణాల మీదికొస్తుంది, ఆయన్ని ఏమనగలం? జీతం సంగతి అటుంచండి. ఆ సీటు పోతే మా చెల్లి ఇక ఆ కిటికీ వైపు నుంచి ఇటు తిరగదని తన మొగుడికి, అంటే మా బావగారికి, భయం. నాకూ భయమే.

వారానికి రెండుసార్లు ఇంటికి స్పీచ్ థెరపిస్టు వచ్చేది. చిన్నవయసు పిల్లే, కాని మొహమాటం లేని మనిషి. "బొమ్మలు చూపించి ఇదేంటి, అదేంటి అని పరీక్షలు పెట్టకండి. ఆవిడ చెప్పకపోతే మీ పని నిజంగా ఆగిపోవాలి. అలాంటి పని మీ ఇద్దరి మధ్య ఎప్పుడైనా ఉండేదా?" అని నన్నడిగింది.

ఉండేది. అడగ్గానే గుర్తొచ్చింది. నాకు పన్నెండేళ్ళు, తనకు తొమ్మిది. ఇంట్లో వీడియో గేమ్ కొన్నారు. రెండు జాయ్‌స్టిక్కుల్లో ఒకదాన్ని మొదటి వారమే నేను విప్పి చూశాను, మళ్ళీ బిగించడం చేతకాలేదు. (ఇప్పుడు కుట్టుమిషన్లు బాగుచేసి బతుకుతున్నాను. రోగం అప్పటిదే.) మిగిలిందొకటి కాబట్టి చేతులు నావి, నోరు తనది. కత్తి పట్టుకున్న ఆ పొట్టి వీరుడికి మేం పెట్టుకున్న పేరు బుడ్డోడు. గుహల్లో దారులన్నీ ఒక్కలాగే ఉండేవి. నేను గబ్బిలాలతో కొట్లాడుతుంటే దారి గుర్తుపెట్టుకోవడం తన వంతు. "ఎడమ. ఎడమ. ఇప్పుడు దూకు. ఆగాగు, దాన్ని పోనీ." తను చెప్పకపోతే బుడ్డోడు అడుగు కదిపేవాడు కాదు. అలా రెండేళ్ళు తంటాలుపడి, చివరికి కోటలో దీపం వెలిగించి ఆట గెలిచాం.

మర్నాడే అటక ఎక్కాను. దుమ్ము, బొద్దింకలు, వాటి కింద డబ్బా. కొత్త టీవీకి దాని వైర్లు పట్టలేదు. టీవీ మెకానిక్ దగ్గర మూల పడున్న ఒక లావుపాటి పాత టీవీ అడిగి తెచ్చాను. క్యాసెట్ పెడితే తెరంతా గీతలు. తీసి, ఊది, మళ్ళీ పెట్టాను. బుడ్డోడు ప్రత్యక్షమయ్యాడు. ఇంతేనా వీడు, అనిపించింది.

"బావగారూ, ఇది వైద్యమా, మీ సరదానా?" అన్నాడు మా చెల్లి మొగుడు, డ్యూటీకి బయల్దేరుతూ.

"సరదానా? నా మొహం! దీంతో నాకేం సరదా?" అన్నాను.

నిజంగా సరదా లేదు. రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు షాపు మూసి, మూడింటిదాకా చెల్లి పక్కన సోఫాలో కూర్చుని ఆడేవాణ్ణి. ఎక్కడ చచ్చినా ఆట మొదటికొచ్చేస్తుంది. ప్రతిసారీ అవే పదకొండు చెట్లు. ఆ వయసులో మాకు పనీపాటా లేదు కాబట్టి భరించాం గాని, పెద్దవాళ్ళెవరైనా చేసే పనేనా ఇది?

మొదటి వారం నేనొక వెధవ పని చేశాను. అడవి దాటగానే ఒక గొయ్యి ఉంటుంది. అక్కడ దూకాలని నాకు తెలుసు. తెలిసీ, "అయ్యయ్యో, ఇప్పుడేం చెయ్యాలో తెలీట్లేదే, చెప్పవా?" అంటూ బుడ్డోణ్ణి నడిపించుకుంటూ పోయి గోతిలో పడేశాను. మళ్ళీ పడేశాను. మూడోసారికి చెల్లి నావైపు ఒక చూపు చూసింది. చిన్నప్పుడు తన పెన్సిల్ నేనే నొక్కేసి 'నేను చూళ్ళేదే' అన్నప్పుడు చూసిన చూపు. లేచి లోపలికెళ్ళి తలుపు వేసుకుంది.

థెరపిస్టు నాకు బాగానే చీవాట్లు పెట్టింది. "ఆవిడకు పోయింది మాటండీ, తెలివి కాదు."

ఆ తర్వాత నటించాల్సిన అవసరమే రాలేదు. గుహల్లోకి వెళ్ళాక నిజంగానే నాకు దారి తెలియలేదు. "ఎటే?" అనడిగితే "అదే" అనేది. అని, తెరవైపు అలా చూస్తూ కూర్చునేది. తనకెంతో ఇష్టమైన ఆట కదా, పాతవన్నీ గుర్తుకొస్తున్నాయి కాబోలు అనుకున్నాను. రేపో మాపో నోరు విప్పుతుందిలే అనుకున్నాను. అలా మూడో వారం వచ్చేసింది.

నెలాఖరుకు ఇంకా పది రోజులుందనగా ఓనరు మా బావగారికి ఫోన్ చేశాడు. ఇంకో టీచరు కోసం వెతుకుతున్నాడట. ఆ కబురు విన్నాక నా తల వేడెక్కిపోయింది. ఆ మధ్యాహ్నం గుహలో మూడు దారుల దగ్గర బుడ్డోడు నాలుగోసారి చచ్చేసరికి నేను అరిచేశాను.

"చెప్పవే! ఒక్క మాట! ఎడమా, కుడా? అలా బండరాయిలా కూర్చుంటే ఎలాగే? పది రోజులే ఉంది!"

ఉలిక్కిపడింది. కళ్ళనిండా నీళ్ళు. నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది. అయినా సారీ చెప్పడం చేతకాక, జాయ్‌స్టిక్ అక్కడే పడేసి షాపుకొచ్చేశాను. ఆ సాయంత్రం ఒక టైలరు తెచ్చిన మిషన్‌కి సూది కిందుండే షటిల్ తిరగేసి బిగించాను. సూది విరిగి ఆయన మొహం మీదికి ఎగిరింది. కన్ను పోలేదు, నా అదృష్టం.

మర్నాడు వెళ్ళడానికి మొహం చెల్లలేదు. వెళ్ళాను. నేరుగా టీవీ పెట్టాను. ఆ జోరీగ పాట మొదలైంది. జాయ్‌స్టిక్ చేతిలోకి తీసుకోబోతుంటే చెల్లి నా చెయ్యి పట్టుకుంది. పెదాలు కలిశాయి, విడిపోయాయి, మళ్ళీ కలిశాయి.

"వ... వద్దు."

నా ప్రాణం లేచొచ్చింది. "ఏదీ, మళ్ళీ అను" అనబోయి నాలుక కరుచుకున్నాను. "సరే, ఇవాళ్టికి వద్దులే" అన్నాను, మామూలుగా.

తల అడ్డంగా ఊపింది. "ఎ...ప్పుడూ."

"ఎప్పుడూ వద్దా?"

"ఇష్టం... అదే... కాదు." చేత్తో గాలిలోంచి ఆ మాటను తోసేసింది. "ఆట. ఇష్టం లేదు."

"ఇప్పుడు లేదు, సరే. చిన్నప్పుడు పడి చచ్చేదానివి కదే!"

"అప్పుడూ... లేదు."

"ఓసి నీ! బళ్ళోంచి రాగానే సంచీ విసిరేసి నా పక్కన అతుక్కుపోయేదానివి కదే! రెండేళ్ళు! మరెందుకు కూర్చున్నావే?"

ఇది పరీక్ష కాదు. నిజంగానే నాకు తెలియదు, తను చెప్తే తప్ప తెలిసే మార్గమూ లేదు. చెల్లి కళ్ళు మూసుకుంది. నుదుటి మీద నరం ఉబ్బింది. ఎంతసేపో తెలీదు, ఆ పాట రెండుసార్లు అయిపోయి మళ్ళీ మొదలైంది.

"నువ్వు... నా మాట... వినే...వాడివి."

కళ్ళు తెరిచి నావైపు చూసింది. "అక్కడే" అంది.

ఆ మాట నాకు సూటిగా తగిలింది. ఎందుకో మీకు చెప్పాలి. ఎవరికీ చెప్పని సంగతి. తను పడిపోయిన రోజు పొద్దున నాకు ఫోన్ చేసింది. "అన్నయ్యా, చెయ్యి మొద్దుబారినట్టుంది, ఆయనేమో డ్యూటీలో ఉన్నారు, ఒకసారి రావా" అంది. నేనొక మిషన్ విప్పుకుని కూర్చున్నాను. "నీదంతా కంగారే. కాసేపు పడుకో, మధ్యాహ్నం చూద్దాం" అని పెట్టేశాను. గంటన్నర తర్వాత పక్కింటావిడ చూసి ఆస్పత్రికి తీసుకెళ్ళింది. ఈ ఫోన్ సంగతి నేను బావగారికి చెప్పలేదు. తను చెప్పలేకపోయింది.

"ఆ రోజు కూడా చెప్పావు కదే," అన్నాను. "నేనే వినలేదు. నావల్లే ఇదంతా." ఆ పైన ఇంకేదో అనబోయి ఏడ్చేశాను. యాభైకి దగ్గరపడ్డ మనిషిని, చిన్నపిల్లాడిలా ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చాను.

"అవును" అంది చెల్లి.

పర్వాలేదు అనలేదు. అనకపోవడమే న్యాయం. నా నెత్తిన ఒక మొట్టికాయ వేసింది, గట్టిగానే. వేసిన చెయ్యి తీసెయ్యలేదు. అలా నా తలమీదే ఉంచుకుని కూర్చుంది.

కాసేపటికి, "టీవీ... ఆపు" అంది. ఆపాను. గదిలో హాయిగా అనిపించింది.

"ఇంకా చెప్పు. ఏం చెయ్యమంటే అది చేస్తా," అన్నాను ముక్కు తుడుచుకుంటూ.

"కారు" అంది. "నేర్చుకో."

అవునండీ, డ్రైవింగ్ టీచరు అన్నని, నాకు కారు రాదు. పదేళ్ళుగా నేర్పిస్తానని వెంటపడింది. చెల్లెలి చేత తిట్లు తింటూ నేర్చుకోవడమేంటని తప్పించుకు తిరిగాను.

ఆ సాయంత్రం బావగారు డ్యూటీ నుంచి రాగానే ఫోన్ సంగతి మొత్తం చెప్పేశాను. ఆయన చాలాసేపు చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూర్చున్నాడు. తిడితే బాగుండునని ఎదురుచూశాను. తిట్టలేదు. "రేపు ఓనర్ని కారు అడిగి చూస్తాను" అన్నాడు, అంతే.

ఆదివారం పొద్దున గోడౌన్ల వెనక ఖాళీ స్థలానికి స్కూలు కారు తెచ్చాం. నేర్పే కారు కదా, పక్క సీటు కింద కూడా ఒక బ్రేకుంటుంది, చెల్లి పాదం దాని దగ్గరే పెట్టుకుంది. బావగారు వెనక సీట్లో, రెండు చేతులతో నా సీటును కావలించుకున్నంత పని చేస్తున్నాడు. "బావగారూ, మా పెళ్ళిరోజు ఇంకా ఒకటైనా చూడనివ్వండి" అన్నాడు. చెల్లి పకపకా నవ్వింది.

నేను కాలు తీశాను. కారు ఎగిరి ఆగిపోయింది.

"క్లచ్," అంది చెల్లి.

మళ్ళీ ఆగిపోయింది. "క్లచ్. మె...ల్లిగా." మధ్యలో "అదే" దొర్లిపోయేది. అప్పుడు తల విదిలించి వెతుక్కునేది. స్టీరింగ్ పట్టుకుని నేను ఎదురుచూసేవాణ్ణి. చూడక ఏం చేస్తాను? నాకేం తెలుసు గనక! తొమ్మిదోసారికి కారు కదిలింది. "అద్దం" అంది. అద్దం చూశాను. "రెండు" అంది. గేరు మార్చాను. మొదటి రౌండు తిరిగాం, రెండోది తిరిగాం, నాకు కాస్త ధీమా కూడా వచ్చింది. గోడౌన్ మలుపు దగ్గర, అవతలినుంచి తోపుడు బండి తోసుకుంటూ ఒకాయన సరిగ్గా మా ముందుకొచ్చేశాడు.

"బ్రేక్!"

తొక్కాను. కారు బండికి మూరెడు దూరంలో ఆగింది. ఆయన నన్ను ఒక తిట్టు తిట్టి వెళ్ళిపోయాడు. వెనక బావగారి ఊపిరి వినపడుతోంది. నేను చెల్లివైపు తిరిగాను. తను వంగి తన పాదంవైపు చూసుకుంటోంది. పాదం పెట్టినచోటే ఉంది. ఆ బ్రేకును అది ముట్టుకోనేలేదు.

మాటే ముందు వచ్చింది.

మెల్లగా తలెత్తింది. మొహం ఎర్రగా, పిచ్చి సంతోషంగా ఉంది. "చూశావా! చూశావే! ఎంత గట్టిగా అన్నావో—" అని నేను మొదలెట్టాను.

"కబుర్లు... తర్వాత," అంది మా చెల్లి. "స్టార్ట్ చెయ్యి."

నోరు మూసుకుని కారు స్టార్ట్ చేశాను.