మాటల్లేని ఫొటోలు

మా బావగారి లా ఆఫీసులో నా గదిని అందరూ వంటగది అంటారు. ముందు హాల్లో తోలు సోఫాలు, గోడల నిండా లావుపాటి పుస్తకాలు. ఆ పుస్తకాలని ఎవరూ తెరిచిన పాపాన పోలేదు గానీ, వచ్చిన క్లయింట్లు వాటినే చూసి ఫీజు ఇస్తారు. నా గది వెనకాల, జిరాక్సు మిషను పక్కన. కిటికీ లేదు, పగలంతా ఆయాసపడే ఏసీ ఒకటుంది.

నేనూ లాయర్నే, కాకపోతే కోర్టులో నోరు విప్పే రకం కాదు. రెండు పక్షాలు కోర్టుకెక్కితే మా క్లయింటు మెయిళ్ళూ ఫోను సందేశాలూ ఫొటోలూ అన్నీ కుప్పగా నా దగ్గరికొస్తాయి. వాటిని కంప్యూటరు చేత వెతికించి, కేసుకి సంబంధించినవి తీసి అవతలి పక్షానికి అప్పజెప్పాలి. దీనికి ఇ-డిస్కవరీ అని పెద్ద పేరుంది. మా ఆయన మాత్రం "ఊళ్ళోవాళ్ళ ఉత్తరాలు చదివే ఉద్యోగం" అంటాడు.

అందులో అబద్ధమేమీ లేదు. ఏళ్ళ తరబడి చదువుతూనే ఉన్నాను. పైవాడికి రాసేటప్పుడు వెన్న రాస్తారు, కిందివాడి మీద కారాలూ మిరియాలూ నూరతారు. తప్పు జరిగిందని తెలిసిన రోజున "దీని గురించి ఫోన్లో మాట్లాడుకుందాం" అని రాయని మేనేజరు నాకింతవరకూ తగల్లేదు. చదివి చదివి మనుషులంటేనే ఏవగింపు పట్టుకుంది. ముట్టుకునేది కీబోర్డే అయినా, సాయంత్రం ఇంటికెళ్ళగానే సబ్బుతో చేతులు కడుక్కుంటాను.

ఇంతలో లిఫ్టు కేసు వచ్చింది. లిఫ్టులు తయారుచేసే కంపెనీ మా క్లయింటు. వాళ్ళ మెకానిక్ ఒకడు లిఫ్టు డబ్బా పైన నిలబడి రిపేరు చేస్తుంటే బ్రేకు పట్టలేదు. డబ్బాతో పాటు కిందికి పోయాడు. బ్రేకు అరిగిందన్న సంగతి అతను ఎవరికీ చెప్పలేదనీ, నిర్లక్ష్యమంతా అతనిదేననీ కంపెనీ వాదన. అదే నిజమని కోర్టు తేలిస్తే అతని భార్యకి పరిహారం రాదు. పైగా తన చావుకి తనే కారణమన్న మచ్చ అతనికి శాశ్వతంగా అంటుకుంటుంది.

ఇలాంటి కేసుల్లో ఏ పదాలతో వెతకాలో రెండు పక్షాల లాయర్లూ ముందే ఒప్పుకుంటారు. ఇక్కడ బ్రేకు, అరుగుదల, లోపం, ప్రమాదం లాంటి పదాలు ఖాయం చేశారు. ఆ పదాలున్న సందేశాలే బయటికొస్తాయి. బావగారు ఒక షరతు కూడా పట్టుబట్టి పెట్టించారు. ఫోను సంభాషణలో ఒక్క పదం దొరికినా సరే, ఆ రోజు సంభాషణ మొత్తం, మొదటి నుంచి చివరిదాకా ఇవ్వాలి. పాత కేసులో ఎవరో ముక్కలు కోసి ఇచ్చి ఆయన్ని బోల్తా కొట్టించారట. ఆ మంట ఇంకా చల్లారలేదు.

మెకానిక్ భార్యని ప్రశ్నించడానికి మా ఆఫీసుకే పిలిపించారు. ఆవిడ కుర్చీ అంచు మీద కూర్చుంది. ముందున్న నీళ్ళ గ్లాసు ముట్టుకోలేదు. మీ భర్త ఎప్పుడైనా రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాడా అని బావగారు అడిగారు, తేనె పూసిన గొంతుతో.

"ఆయనకి టైపు చెయ్యడం విసుగండీ. బ్రేకు పక్కన బొటనవేలు పెట్టి ఫొటో తీసి పంపేవాడు. ఎంత అరిగిందో వేలు పక్కన ఉంటే తెలుస్తుందనేవాడు."

ఆ ఫొటోలు ఏవమ్మా అని అడిగితే, ఫోను ఆయనతోపాటే పడి నుజ్జునుజ్జయిందని చెప్పింది. అయితే రాతపూర్వకంగా ఏమీ లేదన్నమాట అని బావగారు ఒకటికి రెండుసార్లు ఆవిడ చేతే అనిపించి, టైపు చేయించుకున్నారు. పరిహారం గురించి అడిగినప్పుడు ఆవిడ తలెత్తి, ఆయన చెప్పలేదని మాత్రం రాయకండి, ఆయన చెప్పాడు, అంది. ఆవిడ లాయరు, సన్నటి గొంతావిడ, కాగితాలు సర్దుకుని ఆవిడని లేవదీసింది. వాళ్ళు గుమ్మం దాటారో లేదో, కంపెనీ మేనేజరు బావగారి భుజం తట్టి నవ్వాడు. బావగారూ నవ్వారు.

మర్నాడు పొద్దున్నే పనిలో కూర్చున్నాను. ఒప్పుకున్న పదాలతో కంప్యూటరు వెతికితే, కేసుకి పనికొచ్చేది ఒక్కటీ తేలలేదు. ఎలా తేలుతుంది? అది అక్షరాలనే చూస్తుంది. అక్షరాల్లేని ఫైళ్ళన్నిటినీ ఒక పక్కకి తోసేస్తుంది. కంపెనీ ముద్రలు, పుట్టినరోజు బొమ్మలు, పొరపాటున జేబులో నొక్కుకుపోయిన ఫొటోలు అన్నీ అక్కడికే చేరతాయి. మా వృత్తిలో ఆ కుప్ప జోలికి ఎవరూ వెళ్ళరు. నేను వెళ్ళాను.

చెత్తంతా ఎత్తిపోయగా పోయగా, మెకానిక్ పైన ఉండే సూపర్‌వైజరు ఫోన్లోంచి వచ్చిన ఫైళ్ళలో ఆ వేలు కనబడింది. గోరు మధ్యలో నిలువునా చీలి ఉంది, అంచుల్లో గ్రీజు. పక్కన బ్రేకు పట్టీ. మొదటి ఫొటోలో పట్టీ ఆ గోరంత మందం ఉంది. తర్వాత దాంట్లో ఇంకాస్త తక్కువ. ఆఖరి దాంట్లో పట్టీ కాగితంలా ఉంది. ఏ ఫొటోకీ ఒక్క మాట జత చెయ్యలేదు. ప్రతి ఫొటో కిందా సూపర్‌వైజరు జవాబుంది. అదీ మాట కాదు. ఫోన్లో ఉండే బొమ్మ, పైకెత్తిన బొటనవేలు. చూశాను, సరే, అని.

అన్నిటికీ అదే బొమ్మ. కాగితంలా అరిగిన పట్టీకి కూడా. నా ఒళ్ళంతా తేళ్ళూ జెర్రులూ పాకినట్టయింది.

బావగారి గదికి వెళ్ళి చెప్పాను. మెకానిక్ చెప్పాడు, కంపెనీ చూసింది, ఆ ఫొటోలు మన దగ్గరే ఉన్నాయి అన్నాను. తెర మీద చూపిస్తానంటే ఆయన తల కూడా తిప్పలేదు. ఒప్పందం పదాల మీద కుదిరిందనీ, ఫొటోలో పదాల్లేవనీ, చెత్తబుట్టలో చెయ్యి పెట్టమని నాకెవరూ చెప్పలేదనీ అన్నారు. వెతకాల్సినవన్నీ వెతికామని కోర్టుకిచ్చే ధ్రువపత్రం మీద సంతకం పెట్టేది ఎప్పుడూ నేనే. ఈసారి పెట్టనన్నాను.

"నీకెందుకమ్మా ఈ తలనొప్పి. నేనే పెడతాలే," అన్నారు బావగారు, చిన్నపిల్ల చేతిలోంచి గిన్నె అందుకున్నట్టు.

ఆ సాయంత్రం నేను ఇల్లు చేరేలోపే మా ఆయనకి ఫోను వెళ్ళింది. మేముండేది బావగారింటి పై వాటాలో. అన్నయ్య బాధపడుతున్నాడు, కాస్త పట్టూవిడుపూ ఉండాలి కదా అని మా ఆయన నసిగాడు. ఫొటోల సంగతంతా చెప్పాను. అద్దెకి ఇల్లు చూసుకోవాలేమో అని మాత్రం గొణిగాడు. కిందింటి నుంచి తోడికోడలు టీవీ చూస్తూ నవ్వడం వినబడుతోంది. ఆ ఇంటి మెట్లు ఎక్కాలంటేనే రోత పుట్టింది నాకు.

తర్వాతి వారం బావగారే నా వంటగదికి వచ్చారు. అదే మొదటిసారి. ముక్కు చిట్లించి చుట్టూ చూసి, పదాల జాబితాలో ఇంకొకటి చేర్చమన్నారు: లేటు. ఆ మెకానిక్ రోజూ ఆలస్యంగా వచ్చేవాడని సూపర్‌వైజరు చెప్పాడట. చివాట్లు పెట్టిన సందేశాలు దొరికితే, మనిషి సోమరిపోతని కోర్టులో నిలబెట్టొచ్చు. అవతలి లాయరు కూడా ఆ పదానికి ఒప్పుకుందట.

చచ్చినవాడి మీద ఇంకో తట్ట బురద. చెప్పాల్సింది మాత్రం చెప్పాను. "బావగారూ, ఆ పదం ఏ రోజు దొరికితే ఆ రోజు సంభాషణ మొత్తం వెళ్తుంది. ఫొటోలతో సహా. ఇంకోసారి ఆలోచించండి."

"వెళ్ళనీ. ఆ షరతు పెట్టించింది నేనే కదా. మసి వేలు ఫొటోలు ఎవడు చూస్తాడు?"

ఆయన చెప్పినట్టే వెతికించాను. దొరికినవన్నీ పంపాను, ఒక్కటి తగ్గించలేదు, ఒక్కటి కలపలేదు. ధ్రువపత్రం మీద ఆయనే సంతకం పెట్టారు. కాగితం అటూ ఇటూ తిప్పి, ఎక్కడ పెట్టాలో నన్నే అడిగారు.

విచారణ రోజు తెర నడపడానికి నేనూ కోర్టుకి వెళ్ళాల్సొచ్చింది. మెకానిక్ భార్య ముందు వరసలో కూర్చుంది. బావగారు ఊపు మీదున్నారు. బాధ్యత లేని మనిషి, టైముకి రాని మనిషి, అలాంటివాడు బ్రేకు సంగతి పట్టించుకున్నాడంటే ఎవరు నమ్ముతారు అని గొంతు పెంచి, నాకు సైగ చేశారు. ఆయన ముందురోజు ఎంచి ఇచ్చిన సందేశం తెర మీద వేశాను. సూపర్‌వైజరు రాసింది: మళ్ళీ లేటు, గంటలో లిఫ్టు నడవాలి. బావగారు దాన్ని అక్షరం అక్షరం నొక్కి చదివారు.

అవతలి లాయరు లేచింది. ఆ సందేశానికి పైనేముందో చూపించమని కోరింది. ఆవిడ మొహం చూస్తే అర్థమైంది, అదంతా ఎప్పుడో చూసే ఉంది. బావగారు అభ్యంతరం చెప్పబోయారు. ఆ సంభాషణ ఇచ్చింది తమరే, మొత్తం ఇవ్వాలన్న షరతూ తమరిదే కదా అని జడ్జిగారు గుర్తుచేసి, నావైపు తలూపారు.

పైకి జరిపాను. తెర నిండా ఆ బొటనవేలు, పక్కన కాగితంలాంటి బ్రేకు పట్టీ. దాని కింద నున్నగా, పచ్చగా, పైకెత్తిన బొటనవేలు బొమ్మ. ఆ కింద, మళ్ళీ లేటు.

కంపెనీ మేనేజరు బూట్లు చూసుకుంటున్నాడు. బావగారు వెనక్కి తిరిగి నావైపు చూశారు, ముందే ఎందుకు చెప్పలేదన్నట్టు. చూపు తిప్పుకోకుండా నేనూ ఆయన్నే చూశాను. ఇంట్లో సామాన్లు సగం అప్పటికే అట్టపెట్టెల్లో ఉన్నాయి.

మెకానిక్ భార్య ఎవరూ అడక్కుండానే లేచి నిలబడింది. కూర్చోమని ఆవిడ లాయరు చెయ్యి పట్టుకున్నా కూర్చోలేదు.

"పైన ఉన్న వేలు మా ఆయనదండీ. ఆ గోరు తలుపులో పడి చీలింది. కిందున్న వేలు ఎవరిదో వాళ్ళని అడగండి."